వాషింగ్ మెషీన్ల ఫ్యాక్టరీ యుద్ధకాలంలో ఏం చేసింది? (మేటాగ్, న్యూటన్, అయోవా)

మొక్కజొన్న_సీమ
అయోవాలో ఉంటున్నాను. డెమాయిన్ నుంచి తూర్పుగా కారులో అరగంట పైచిలుకు వెళ్తే న్యూటన్ అనే చిన్న ఊరు. మేటాగ్ వాషింగ్ మెషీన్లు పుట్టింది అక్కడే. ఆ కంపెనీ చరిత్ర ఎక్కడ చదివినా నాకు ఒక్క చోట ఒళ్లు మండుతోంది. 1893లో వ్యవసాయ పనిముట్లతో మొదలెట్టారు, 1907లో చెక్క తొట్టితో మొదటి వాషర్ చేశారు, 1922లో గైరాఫోమ్ అనే కొత్త రకం వాషర్ తెచ్చారు, 1927కి పది లక్షల మెషీన్లు పూర్తి చేశారు... ఇదంతా పూసగుచ్చినట్టు చెప్తారు. రెండో ప్రపంచ యుద్ధం నడిచిన 1942 నుంచి 1945 దగ్గరికి వచ్చేసరికి మాత్రం సైన్యానికి ప్రత్యేక విడిభాగాలు చేశారని ఒక్క ముక్క అనేసి 1949కి దూకేస్తారు.

ఊరు ఊరంతా ఆ ఫ్యాక్టరీ మీద బతికింది. అలాంటి చోట మూడేళ్లకు పైగా ఒక్క వాషింగ్ మెషీన్ కూడా బయటికి రాలేదంటే అది ఒక్క ముక్కలో తేల్చేసే సంగతా? ఆపమని ఎవరు చెప్పారు? బట్టలుతికే మెషీన్లు చేసే చేతులు మర్నాడు యుద్ధ సామగ్రి ఎలా చేయగలిగాయి? మెషిన్ షాపుల్లో పనిచేసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

పాత_సామాన్లు
ఆపమన్నది ప్రభుత్వమే. 1942 జనవరిలో రూజ్‌వెల్ట్ వార్ ప్రొడక్షన్ బోర్డు పెట్టాడు. ఏ వస్తువు ఎంత చేయాలి, ఏది అసలు చేయకూడదు అన్నీ ఆ బోర్డే తేల్చింది. ఫిబ్రవరిలో కార్లు ఆగాయి, మే నెలలో ఇళ్లలో వాడే వాషింగ్ మెషీన్లు ఆగాయి. ఉక్కు, అల్యూమినియం, రాగి, రబ్బరు ఏవీ ఇవ్వమన్నారు. ముడిసరుకు లేకపోతే ఏ యజమాని మాత్రం ఏం చేస్తాడు?

ఆ బోర్డుకి అధ్యక్షుడు డొనాల్డ్ నెల్సన్. అంతకుముందు ఆయన సియర్స్ కంపెనీలో పెద్ద అధికారి. దేశంలో వాషింగ్ మెషీన్లు బాగా అమ్మిన కొట్లలో సియర్స్ ఒకటి. ఆ కొట్టు నుంచి వచ్చిన మనిషి చేతి మీదుగానే ఆ సరుకుకి తాళం పడింది.

పంపుసెట్టు
కరోనా అప్పుడు సారా డిస్టిలరీలన్నీ శానిటైజర్ చేశాయి కదా, అలాంటిదేనా?

లేత్_మాస్టారు
@పంపుసెట్టు అంత తేలిక కాదు తమ్ముడూ. డిస్టిలరీలో వచ్చేదీ ఆల్కహాలే, శానిటైజర్‌లో ఉండేదీ ఆల్కహాలే. ఇక్కడ సరుకే మారిపోయింది.

బాలానగర్‌లో ముప్పై ఏళ్లు టర్నర్‌గా, తర్వాత సూపర్‌వైజర్‌గా చేశాను, నాకు తోచింది చెప్తాను. వాషింగ్ మెషీన్ అంటే మనకి కనపడేది తొట్టి. పనోడికి కనపడేది దాని కింద ఉండే గేరు పెట్టె. మోటారు ఒకే వైపు తిరుగుతుంది. తొట్టిలో రెక్కలేమో అటు సగం, ఇటు సగం తిరగాలి. ఆ మార్పు చేసేది గేర్లు, క్రాంకు, షాఫ్టు. అవి నూనెలో మునిగి ఏళ్ల తరబడి ఆడాలి, నీళ్లు లోపలికి దిగకూడదు. అంటే గేరు పళ్లు కోసే హాబింగ్ మెషీన్లు, గట్టిపరిచే కొలిమి, గ్రైండింగ్, సీలింగ్ అన్నీ ఆ షాపులో ఉండాల్సిందే.

రెండోది పోత. మేటాగ్ 1919 నాటికే తొట్టి మొత్తాన్ని ఒకే ముక్కగా అల్యూమినియంలో పోసింది. అంత పెద్ద పోత గాలిబుడగ లేకుండా, పగులు రాకుండా తీయాలంటే ఆ రోజుల్లో చాలా కష్టం. బయటివాళ్లు ఎవరూ చేసివ్వలేకపోతే సొంత ఫౌండ్రీ కట్టుకున్నారు. యుద్ధం వచ్చేసరికి విమానాలకి కావలసింది అల్యూమినియమే. ఆ పోత పోయడం తెలిసిన చేతులు న్యూటన్‌లో ఇరవై ఏళ్లుగా రెడీగా ఉన్నాయి.

మొక్కజొన్న_సీమ
మాస్టారు, ఇలాంటిదే వెతుకుతున్నాను. కంపెనీ చరిత్రలో గేరు పెట్టె అన్న మాటే రాదు.

పాత_సామాన్లు
మాస్టారు చెప్పినదానికి ఇంకోటి కలపండి. వాళ్లకి ఇంజన్లు చేయడం కూడా వచ్చు. 1930ల మధ్య దాకా అమెరికాలో పది పొలాల ఇళ్లకి ఒకదాంట్లోనే కరెంటు. మిగతా ఇళ్లకి మెషీన్ ఎలా అమ్మాలి? అందుకని 1914లోనే చిన్న పెట్రోలు ఇంజను తయారుచేసి వాషర్ కింద బిగించారు, మల్టీ మోటార్ అని పేరు. తర్వాతి ఇంజన్లకి బుల్లెట్ బండిలాగా కాలితో తొక్కి స్టార్ట్ చేసే పెడల్ ఉండేది. గైరాఫోమ్‌లో రెక్కలు తొట్టి అడుగున పెట్టిన హోవార్డ్ స్నైడర్ ఈ పనులన్నిటి వెనకా ఉన్న మెకానిక్.

గోదారిగట్టు
పెట్రోలు పోసి పంచెలు ఉతకడమా! మా వైపు అయితే వారం తిరక్కుండా ఆ ఇంజను విప్పి చేలో నీళ్లు తోడడానికి పెట్టేవాళ్లు.

పాత_సామాన్లు
@గోదారిగట్టు అక్కడా అదే చేశారండీ. వెన్న చిలకడానికి, మాంసం కొట్టడానికి ఆ ఇంజనుకి తగిలించే సామాను కంపెనీయే అమ్మింది. పాతబడ్డ ఇంజన్లు పిల్లల బొమ్మ కార్లలోకి వెళ్లాయి. ఇప్పటికీ వాటిని పోగుచేసి నడిపించేవాళ్ల సంఘాలున్నాయి.

చెరువుకట్ట
మేటాగ్ గారు కార్లు కూడా చేశారు, తెలుసా? 1910 ప్రాంతంలో అయోవాలోనే వాటర్లూలో మేటాగ్ మేసన్ అని. దాని రూపకర్త ఫ్రెడ్ డ్యూసెన్‌బర్గ్. ఆ పేరుతో తర్వాత వచ్చిన కార్లు ఈరోజు కోట్లు పలుకుతాయి. మేటాగ్ మాత్రం కార్లు వదిలేసి బట్టల దగ్గరే ఉండిపోయాడు.

కార్మిక_గొంతు
అందరూ గేర్లు, పోతల దగ్గరే ఆగిపోయారు. యుద్ధానికి నాలుగేళ్ల ముందు అదే గేటు దగ్గర ఏం జరిగిందో ఎవరూ ఎత్తరేం?

1938లో కంపెనీ జీతాలు పది శాతం కోస్తామంది. యూనియన్ ఒప్పుకోలేదు, వేసవి అంతా సమ్మె. కార్మికులు ఫ్యాక్టరీ లోపలే కూర్చున్న రోజులూ ఉన్నాయి. గవర్నర్ నెల్సన్ క్రాషెల్ నేషనల్ గార్డ్‌ను దింపాడు, ఊళ్లో మార్షల్ లా పెట్టాడు. తుపాకుల కాపలాలో ఫ్యాక్టరీ తెరిచారు, కోసిన జీతానికే కార్మికులు లోపలికి వెళ్లారు. కంపెనీ పెట్టిన ఎఫ్.ఎల్. మేటాగ్ అప్పటికి ఏడాది ముందే చనిపోయాడు, పగ్గాలు వారసుల చేతిలో ఉన్నాయి.

నాలుగేళ్లు తిరక్కుండానే దేశం కోసం పగలూ రాత్రీ పనిచేయమన్నది ఆ మనుషుల్నే. కంపెనీలు యుద్ధకాలాన్ని ఒక్క ముక్కలో తేల్చేయడానికి ఇదొక కారణం అనుకుంటాను. ఆ కథ వివరంగా చెప్పాలంటే ఆ మనుషుల కథ చెప్పాలి. అది చెప్తే 1938 కూడా చెప్పాలి.

పంపుసెట్టు
అన్నా, ప్రతి థ్రెడ్‌నీ సమ్మె దగ్గరికే తీసుకెళ్తావు. అడిగింది యుద్ధంలో తయారీ గురించి.

కార్మిక_గొంతు
తయారీ ఎవరు చేశారు తమ్ముడూ? గేర్లు వాటంతట అవే కోసుకోలేదు.

లేత్_మాస్టారు
అతను చెప్పినదాంట్లో తప్పేం లేదు. మనసు విరిగిన షాపులో మంచి పని తీయడం ఎంత కష్టమో నేను చూశాను. ఒక పాత యజమాని దగ్గర మాకు బోనస్ ఎగ్గొట్టాక ఆర్నెల్ల పాటు స్క్రాప్, అంటే పాడైపోయి పారేసే ముక్కలు, పెరిగింది. కావాలని ఎవరూ పాడుచేయలేదు, చేతిలో ఉన్న జాబ్ (చేసే ముక్క) మీద ఎవరికీ ధ్యాస లేదంతే.

ఇంక డిఫెన్స్ పని సంగతి. పంపుల భాగాలు చేసే మా షాపుకి ఒకసారి డిఫెన్స్ ఆర్డరు వచ్చింది. చూడ్డానికి మామూలు బుష్, షాఫ్టు చుట్టూ బిగించే గొట్టం ముక్క. డ్రాయింగ్ తెరిస్తే ప్రతి కొలతకీ విడిగా గేజ్ (కొలత సరిచూసే పరికరం), ప్రతి బ్యాచికీ మెటీరియల్ సర్టిఫికెట్, ప్రతి ముక్కకీ నంబరు. ఇన్‌స్పెక్టరు వచ్చి కూర్చునేవాడు. మెషీన్లు పాతవే, మనుషులూ పాతవాళ్లే, కానీ అలవాట్లన్నీ మార్చుకోవాల్సి వచ్చింది. మొదటి నెలంతా జిగ్గులు, ఫిక్స్చర్లు (ముక్కని కదలకుండా సరైన చోట పట్టి ఉంచే బిగింపులు) కట్టుకోవడానికే సరిపోయింది. న్యూటన్‌లో కూడా 1942లో ఎక్కువ కాలం దానికే పట్టి ఉంటుందని నా లెక్క. వాషర్ లైను పీకి, కొత్త టూలింగ్ వేసి, పనోళ్లకి కొత్త డ్రాయింగులు చదవడం నేర్పాలి. ఫ్యాక్టరీ మార్పిడి అంటే అసలు పని ఇదే.

సిన్సినాటి_సీత
ఇళ్లలో వాడే మెషీన్ల ఫ్యాక్టరీలనీ, పెద్ద లాండ్రీలకి యంత్రాలు చేసే ఫ్యాక్టరీలనీ అందరూ ఒకే గాటన కడుతున్నారు. యుద్ధంలో వాటి దారులు వేరు.

మేటాగ్ ఇంటి మెషీన్లు చేసేది, దాన్ని ఆపేశారు. మా సిన్సినాటిని ఆనుకుని నార్వుడ్‌లో అమెరికన్ లాండ్రీ మెషినరీ అని ఉండేది. ఆస్పత్రులకి, హోటళ్లకి, ఓడలకి పెద్ద పెద్ద ఉతుకు డ్రమ్ములు, నీళ్లు పిండే ఎక్స్‌ట్రాక్టర్లు, ఇస్త్రీ రోలర్లు చేసేది. ఈ రకం సరుకు మామూలు వ్యాపారులకి అమ్మడం మీద ఆంక్షలు పెట్టారు కానీ సైన్యానికి మాత్రం అదే కావాలి. లక్షల మంది సైనికుల బట్టలు ఎవరు ఉతుకుతారు? అమెరికా సైన్యంలో క్వార్టర్‌మాస్టర్ విభాగానికి ప్రత్యేకంగా లాండ్రీ కంపెనీలుండేవి. అంటే వ్యాపార సంస్థలు కాదు, సైనిక దళాలే. ట్రెయిలర్ బండి మీద ఉతికే డ్రమ్ము, పిండేది, ఆరబెట్టేది, నీళ్లు కాచే బాయిలరు, జనరేటరు అన్నీ బిగించి యుద్ధరంగం వెనకాలే నడిపించుకుంటూ పోయేవాళ్లు. ఏరు కనపడిన చోట ఆగి పంపు వేసి ఉతికేవాళ్లు.

ఇదేదో సుఖం కోసం చేసిన ఏర్పాటు అనుకోకండి. పేలు పడితే టైఫస్ వస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో తూర్పు ఐరోపాలో లక్షలాది మంది ప్రాణాలు తీసింది ఆ జ్వరమే. ఉతికిన చొక్కా కూడా సైనికుడి ప్రాణం కాపాడే సామగ్రే.

గోదారిగట్టు
సైన్యంతో పాటు నడిచే చాకిరేవు అన్నమాట! సీతగారూ, ఇది నేను ఎప్పుడూ వినలేదు.

విశాఖ_వాసి
మీరంతా 1942 మే అంటుంటే నాకు దానికి ముందు నెల గుర్తొస్తోంది. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మా విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. జనం ఇళ్లు వదిలి లోపలి పల్లెలకి వెళ్లిపోయారు. మా తాతమ్మ ఎస్.కోట వైపు బంధువుల ఇంటికి ఎడ్లబండిలో వెళ్లిన సంగతి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

నిర్వాహకుడు
విశాఖ బాంబు దాడి మీద విడిగా థ్రెడ్ ఉంది, అక్కడ కొనసాగించండి. ఇక్కడ ఫ్యాక్టరీల మీదే ఉందాం.

పద్మ_హన్మకొండ
ఇంతసేపూ ఒక్కరూ అడగలేదు, కాబట్టి నేనే అడుగుతాను. వాషింగ్ మెషీన్ల తయారీ ఆగింది సరే, మరి ఇళ్లలో బట్టలు ఎవరు ఉతికారు?

మగవాళ్లు సైన్యంలోకి వెళ్తే ఫ్యాక్టరీ షిఫ్టుల్లోకి ఆడవాళ్లు వచ్చారు. బట్టలుతకడానికి తీరిక అసలు లేని కాలంలోనే కొత్త మెషీన్ దొరకడం ఆగిపోయింది. పాత మెషీన్‌కి బట్టలు పిండే రబ్బరు రోలరు అరిగిపోతే ఇంకోటి దొరకడమే గగనం, రబ్బరంతా యుద్ధానికే పోయింది కదా. బయట లాండ్రీకి వేద్దామంటే అక్కడ పనివాళ్లు లేరు, అందరూ ఎక్కువ జీతాలిచ్చే ఫ్యాక్టరీల్లో చేరిపోయారు. అప్పటి యుద్ధ ప్రచారంలో వచ్చిన, ఫ్యాక్టరీలో రివెట్లు కొట్టే అమ్మాయి పోస్టరు అందరికీ తెలుసు. ఆ అమ్మాయి ఇంటికొచ్చి రాత్రి పదింటికి తొట్టి ముందు కూర్చుని పిండిన బట్టల సంగతి ఏ పోస్టరులోనూ లేదు.

కార్మిక_గొంతు
పద్మగారూ, ఈ థ్రెడ్‌లో అన్నిటికన్నా మంచి పోస్టు ఇది.

సిన్సినాటి_సీత
నిజం. అందుకే యుద్ధం ముగియగానే మెషీన్ల కోసం జనం ఎగబడ్డారు. షిఫ్టుల్లో సంపాదించిన డబ్బు బ్యాంకులో, యుద్ధ బాండ్లలో ఉంది, కొనడానికి మాత్రం మూడేళ్లకు పైగా వస్తువు లేదు.

రామగుండం_రైలు
లాభం సంగతి ఎవరూ చెప్పలేదు. యుద్ధంలో ఈ కంపెనీలు బాగానే దండుకుని ఉంటాయి కదా?

పాత_సామాన్లు
@రామగుండం_రైలు దండుకోకుండా చూడాలని ప్రభుత్వం ప్రయత్నమైతే చేసింది. 1942లోనే చట్టం తెచ్చి, లాభం మరీ ఎక్కువ అనిపిస్తే కాంట్రాక్టు ధర మళ్లీ తేల్చి వెనక్కి కట్టించుకునే అధికారం పెట్టుకున్నారు. అదనపు లాభాల మీద భారీ పన్ను కూడా వేశారు. అయినా కంపెనీలకి వేరే లాభం మిగిలింది. కొత్త మెషీన్లు, కొత్త పద్ధతులు వచ్చాయి, కొలతలో తేడా రాని పని అలవాటైంది. మేటాగ్ 1949లో ఆటోమేటిక్ వాషర్ కోసం ప్రత్యేకంగా రెండో ప్లాంటు కట్టింది. యుద్ధకాలపు క్రమశిక్షణ లేకుండా అది జరిగేదా అన్నది మాస్టారు చెప్పాలి.

లేత్_మాస్టారు
జరిగేదే, కానీ ఇంకా ఆలస్యమయ్యేది. ఆటోమేటిక్‌లో అదే డ్రమ్ము ఉతకాలి, అదే వేగంగా తిరిగి నీళ్లు పిండాలి. వేగం పెరిగిందంటే బ్యాలెన్సు, బేరింగులు, సీళ్లు అన్నీ గట్టిగా ఉండాలి. పాత రోలరు మెషీన్ చేసే షాపు ఆ పని రాత్రికి రాత్రి అందుకోలేదు.

ఇవాన్స్‌విల్_తెలుగోడు
తిరగేసిన ఉదాహరణ మా ఊళ్లో ఉంది. ఇండియానాలో ఇవాన్స్‌విల్. ఇక్కడ 1942లో రిపబ్లిక్ ఏవియేషన్ వాళ్లు ఖాళీ నేల మీద ఫ్యాక్టరీ కట్టి పి-47 థండర్‌బోల్ట్ యుద్ధ విమానాలు చేశారు. యుద్ధం ముగిసేసరికి ఆరు వేలకు పైగా బయటికొచ్చాయి. థండర్‌బోల్ట్ విమానాల్ని బ్రిటిష్ వైమానిక దళం బర్మా రంగంలో కూడా వాడింది. యుద్ధం అయిపోయాక అదే ఫ్యాక్టరీని ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కొని ఫ్రిజ్‌లు చేసింది, 1950లలో వర్ల్‌పూల్ చేతికొచ్చింది. 2010లో మూసేశారు, ఆ పని మెక్సికో వెళ్లిపోయింది.

వర్ల్‌పూల్ కూడా మొదట బట్టల మెషీన్ల కంపెనీయే. 1911లో మిషిగన్‌లో అప్టన్ మెషీన్ కంపెనీగా మొదలై, 1929లో న్యూయార్క్ వైపు నైన్‌టీన్ హండ్రెడ్ అనే కంపెనీతో కలిసింది. యుద్ధంలో వాళ్లూ మొత్తం ఆయుధ సామగ్రికి మారారు. 2006లో మేటాగ్‌ను కొన్నది వాళ్లే.

పంపుసెట్టు
అయితే న్యూటన్ ఫ్యాక్టరీని మూసింది వర్ల్‌పూలేనా?

మొక్కజొన్న_సీమ
అవును, 2007లో. ఆ ఊళ్లో మా పక్కింటాయన బావగారి కుటుంబం మూడు తరాలుగా మేటాగ్‌లోనే చేసింది. ఆ మాట ఎత్తితే ఆయన ఇప్పటికీ లేచి వేరే గదిలోకి వెళ్లిపోతాడు.

చెరువుకట్ట
జర్మనీ వైపు ఎవరూ చూడలేదు. మియెలే కంపెనీ 1899లో పాలు, మీగడ వేరుచేసే యంత్రాలతో మొదలైంది. వెన్న చిలికే చెక్క పీపా చూసి, అదే పద్ధతిలో 1901లో వాషింగ్ మెషీన్ చేశారు. మేటాగ్‌లాగానే పొలం పనిముట్ల నుంచి బట్టల దగ్గరికి వచ్చినవాళ్లే. రెండో ప్రపంచ యుద్ధంలో టార్పెడోలని దారి తప్పకుండా నడిపించే పరికరాలు చేశారు. జలాంతర్గామి వదిలే టార్పెడోలో సున్నితమైన భాగం అదే. ఆ పనిలో బలవంతంగా పట్టుకొచ్చిన కూలీలని వాడారు.

అందుకని మాస్టారు గేర్లని, పోతని మెచ్చుకుంటుంటే నాకు కొంచెం ఇబ్బందిగా ఉంది. నైపుణ్యం అటూ ఇటూ ఒకటే. అది ఎవరి చేతిలో ఉంది, ఎవరి మీదికి వెళ్లింది అన్నది వదిలేసి మెచ్చుకోకూడదు.

లేత్_మాస్టారు
చెరువుకట్ట గారూ, అది వదిలేయమని నేననలేదు. న్యూటన్ పనోడు జీతం తీసుకుని, యూనియన్ కార్డు జేబులో పెట్టుకుని చేశాడు. జర్మనీలో తెచ్చిపెట్టిన మనిషికి పారిపోయే దారి కూడా లేదు. ఆ రెండు షాపుల్నీ నేను ఒకటి చేయను. కానీ పనోడి చేతి పనిని గుర్తించకుండా ఫ్యాక్టరీ చరిత్ర రాస్తే, అదంతా బోర్డు మీటింగుల చరిత్రే అవుతుంది.

చెరువుకట్ట
దాంట్లో నాకూ తేడా లేదు మాస్టారు. రెండూ రాయాలి.

నల్లగొండ_నీలిమ
మన దగ్గర కూడా యుద్ధంలోనే పుట్టిన ఫ్యాక్టరీలున్నాయి కదా. హైదరాబాద్ అల్విన్ 1942, ప్రాగా టూల్స్ 1943. మా నాన్న ప్రాగాలో అప్రెంటిస్. మెషిన్ టూల్స్ బయటి నుంచి రావడం కష్టమైన రోజుల్లో ఇక్కడే చేసుకోవాలని పెట్టారని చెప్పేవాడు. తర్వాతి రోజుల్లో అల్విన్ ఫ్రిజ్‌లకి పేరు పడింది. ఇల్లాలికి అక్కరకొచ్చే వస్తువులు, యుద్ధకాలపు ఇనుప పని పక్కపక్కనే పెరగడం అయోవాలోనే కాదు, మన సనత్‌నగర్‌లోనూ ఉంది.

లేత్_మాస్టారు
అమ్మా, మీ నాన్నగారిది ప్రాగానా! మా షాపులో ప్రాగా చక్ (లేత్ మీద ముక్కని పట్టి తిప్పేది) ఒకటి ఇరవై ఏళ్లు ఆడింది. ఆ రోజుల్లో అప్రెంటిస్‌షిప్ ఎలా ఉండేదో విడిగా థ్రెడ్ పెట్టి రాయండి. నాలాంటి వాళ్లం చాలామంది చదువుతాం.

పంపుసెట్టు
ఒక ప్రశ్న మిగిలింది. యుద్ధం అయ్యాక మేటాగ్ మళ్లీ ఎప్పుడైనా సైన్యానికి చేసిందా?

పాత_సామాన్లు
@పంపుసెట్టు చేసింది, కొరియా యుద్ధంలో. ఈసారి మాత్రం వాషింగ్ మెషీన్లు ఆగలేదు, ఒక పక్క మిలిటరీ భాగాలు, ఇంకో పక్క వాషర్లు నడిచాయి. 1942లో దేశంలో ముడిసరుకంతా యుద్ధానికే మళ్లించాల్సి వచ్చింది. 1950కి ఆ అవసరం రాలేదు.

మొక్కజొన్న_సీమ
ఆ రెండో ప్లాంటు ఇప్పుడు ఏమైందని ఒకరు ప్రైవేటుగా అడిగారు. ట్రినిటీ అనే కంపెనీ తీసుకుని గాలిమరలకి ఉక్కు టవర్లు చేయడం మొదలెట్టింది. 2009 ఏప్రిల్‌లో ఒబామా అధ్యక్షుడిగా ఉండగా వచ్చి చూశాడు. మేటాగ్‌లో పనిపోయిన వాళ్లలో కొందరికి అక్కడ పని దొరికింది, అందరికీ కాదు.

న్యూటన్‌లో జాస్పర్ కౌంటీ మ్యూజియం ఉంది, అందులో మేటాగ్‌కి పెద్ద విభాగమే పెట్టారు. మాస్టారు, అక్కడ యుద్ధకాలపు ఫోటోలు కనపడితే మెషీన్లు, ఫిక్స్చర్లు దగ్గరగా తీసి ఇక్కడ పెడతాను. ఏ మెషీన్ మీద ఏ పని జరుగుతోందో మీరు చూసి చెప్పాలి.

లేత్_మాస్టారు
తప్పకుండా పెట్టు బాబూ. మెషీన్లు తీసేటప్పుడు పక్కన నిలబడ్డ మనుషుల మొహాలు కత్తిరించకు. చేతిలో ఏ గేజ్ పట్టుకున్నారో అది కనపడితే చాలు, జాబ్ ఏమిటో చాలావరకు చెప్పొచ్చు.

పద్మ_హన్మకొండ
ఆ ఫోటోల్లో ఆడవాళ్లు ఉంటే వాటిని ముందు పెట్టండి.